అంతరిక్షంలో కడుపు కోయాల్సి వస్తే: బరువు లేని చోట ఆపరేషన్ ఎలా చేయాలి

మొన్న గుంటూరులో మా థియేటర్‌లో అపెండిక్స్ కేసు ఒకటి ముగించి టీ తాగుతుంటే హౌస్ సర్జన్ కుర్రాడు అడిగాడు, "మేడమ్, గగన్‌యాన్‌లో వెళ్ళినవాళ్ళకి ఇదే నొప్పి వస్తే ఏం చేస్తారు?" అని. మా సర్జన్ గారు "కిందికి దింపి మన దగ్గరికే తెస్తారులేరా, కుట్లు నువ్వేద్దువుగాని" అన్నారు, అందరం నవ్వేశాం. కానీ తర్వాతి కేసు నడుస్తుంటే నాకు అదే బుర్రలో తిరిగింది. నేను మత్తు డాక్టర్‌ని, కేసు సాఫీగా నడుస్తుంటే నా పని చూస్తూ కూర్చోవడమే. అలా చూస్తూ లెక్కపెట్టాను. సెలైన్ చుక్కలు వాటంతట అవే పడుతున్నాయి. రక్తం అద్దే గుడ్డలు, అదే మాపులు, తడిశాక విసిరితే బకెట్లో పడుతున్నాయి. గాయంలోంచి పీల్చే సక్షన్ జాడీలో రక్తం అడుక్కి, నురగ పైకి చేరుతోంది. యూరిన్ బ్యాగు బల్ల కింద వేలాడుతూ దాని పని అది చేసుకుంటోంది. పేషెంటు బల్ల మీద, మేం నేల మీద ఉన్నాం. వీటిలో ఒక్కటీ మేం చేస్తున్న పని కాదు, అన్నీ భూమే చేస్తోంది, అదీ జీతం బత్తెం లేకుండా.

పైకి వెళ్తే ఆ ఉద్యోగి డ్యూటీకి రాడు. కోయడం, కుట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. భూమి చేసిపెట్టే ఒక్కో పనికీ బదులుగా ఏ పట్టీనో, పంపునో, మనిషినో ఎలా పెట్టుకోవాలో అదే ఇక్కడ చెప్తాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. కక్ష్యలో ఇప్పటిదాకా ఏ మనిషికీ ఆపరేషన్ జరగలేదు. 1998లో కొలంబియా షటిల్‌లో వెళ్ళిన న్యూరోల్యాబ్ యాత్రలో ఎలుకలకి చేశారు. 2006 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లో డొమినిక్ మార్టిన్ అనే సర్జన్ బృందం ఎయిర్‌బస్ ఎ300 విమానంలో ఒకాయన చేతి మీది చిన్న గడ్డ తీసింది. ఆ విమానం అలలా లేచి పడుతుంటే ఒక్కోసారికి 22 సెకన్లపాటు బరువు ఉండదు, ఆ వెంటనే ఒళ్ళు దాదాపు రెట్టింపు బరువెక్కుతుంది. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ కిందికి దిగేటప్పుడు కడుపులో ఖాళీ అయినట్టుంటుంది చూడండి, అది 22 సెకన్లు ఆగకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా. ఇలాంటి ప్రయోగాల్లో తేలినవీ, అంతరిక్ష కేంద్రంలో ఇప్పటికే ఉన్న ఏర్పాట్లూ కలిపి చెప్తున్నాను. ఇంకోటి, పైన భూమి ఆకర్షణ ఉండదని చాలామంది అనుకుంటారు. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఇక్కడున్న దాంట్లో 90 శాతం దాకా ఉంటుంది. స్టేషన్, మనిషి, కత్తి అన్నీ కలిసి ఒకే వేగంతో పడుతూ తిరుగుతుంటాయి కాబట్టి ఏదీ దేని మీదా ఆనదు, అంతే.

ముందు కోయకుండా గడిచే దారి చూడండి

ఇక్కడైతే కడుపునొప్పితో మా గుంటూరు కొత్తపేట ఆసుపత్రులకి వచ్చినవాడు గంటలో స్కాన్ అయిపోయి సాయంత్రానికి బల్ల మీద ఉంటాడు. పైన ఆ తొందర వద్దు. అపెండిక్స్‌కి యాంటీబయాటిక్స్ మొదలుపెట్టండి. 2020లో అమెరికాలో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది, అందులో మందులతో మొదలుపెట్టినవాళ్ళలో 90 రోజుల్లోపు ఆపరేషన్ దాకా వెళ్ళింది పదిమందిలో ముగ్గురే. భూమి చుట్టూ తిరిగే స్టేషన్ అయితే ఆలోపు దింపేయొచ్చు. 1985లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7లో వ్లదీమిర్ వస్యూతిన్ అనే వ్యోమగామికి ఒంట్లో బాగోకపోతే యాత్రని మధ్యలోనే ఆపి దింపారు. చంద్రుడి దగ్గర్నుంచైతే మూడు రోజుల ప్రయాణం. అంగారకుడి దారిలో ఉంటే వెనక్కి తిరగడమన్న మాటే లేదు, ఈ పద్ధతంతా అసలు వాళ్ళకే కావాలి.

నాకు బాగా నచ్చిన కేసు ఒకటుంది. అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామికి మెడ దగ్గరి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టింది. పేరు బయటపెట్టలేదు, 2020 జనవరిలో వైద్య పత్రికలో వచ్చింది. ఆ మనిషే మెడ మీద అల్ట్రాసౌండ్ పెట్టుకుంటే కిందున్న డాక్టర్లు చూసి దారి చెప్పారు. రక్తం గడ్డకట్టనివ్వని ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్లు పైన స్టాకున్నవాటిని ఇంట్లో నెలాఖరు సరుకుల్లాగా పొదుపుగా వాడి, సరుకుల నౌకలో అదే పని చేసే అపిక్సాబాన్ మాత్రలు వచ్చేదాకా లాక్కొచ్చారు. కత్తి జోలికే పోలేదు.

కాబట్టి అల్ట్రాసౌండ్ పట్టడం నేర్చుకునే వెళ్ళండి. పేగు చిల్లు పడిందేమో చూడ్డానికి ఇక్కడ పేషెంటుని నిలబెట్టి ఎక్స్‌రే తీస్తాం, గాలి పైకి చేరి, ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే డయాఫ్రం పొర కింద నెలవంకలా కనిపిస్తుంది. అక్కడ నిలబెట్టడానికి కిందా మీదా లేదు, ఆ నెలవంకా రాదు.

రక్తం లెక్క ముందే వేసుకోండి

బరువు పోగానే కాళ్ళలోని నీరు పైకి ఎక్కుతుంది. ముఖం ఉబ్బి కాళ్ళు సన్నబడతాయి. ఒంట్లో నీరెక్కువైందనుకుని శరీరం దాన్ని తగ్గించేస్తుంది, దాంతో రక్తంలోని ప్లాస్మా 10 నుంచి 15 శాతం దాకా పడిపోతుంది. దీనికి తోడు కింద సెకనుకి 20 లక్షల ఎర్ర కణాలు చస్తుంటే పైన 30 లక్షలు చస్తున్నాయని 2022లో తేలింది. అంటే మీ పేషెంటు బల్ల ఎక్కేసరికే కొంత రక్తం పోగొట్టుకున్న మనిషిలాంటివాడు. కింద అర లీటరు పోయినా నేను పెద్దగా టెన్షన్ పడను, పైనైతే పడతాను. బ్లడ్ బ్యాంకుకి మనిషిని పరిగెత్తించే వీలు కూడా లేదు, తోటివాళ్ళే బ్లడ్ బ్యాంకు, కాబట్టి ఎవరి గ్రూపు ఎవరికి సరిపోతుందో బయల్దేరకముందే రాసి పెట్టుకోండి.

ఇప్పుడు కట్టండి, పేషెంటుని కాదు, ముందు మిమ్మల్ని

పేషెంటుని కట్టాలని ఎవరికైనా తడుతుంది. అంతరిక్ష కేంద్రంలో అందుకోసం పట్టీలున్న బోర్డు ఒకటి ఉంది, గుండెకి షాక్ ఇవ్వాల్సి వస్తే కరెంటు స్టేషన్ గోడకి పాకకుండా అది అడ్డుకుంటుంది కూడా. అసలు చిక్కు సర్జన్‌తోనే. కోతని తెరిచి పట్టే కొక్కెం, అదే రిట్రాక్టర్‌తో మీరు కడుపు గోడని లాగితే కడుపు మీ వైపు వచ్చినంతా మీరు కడుపు వైపు పోతారు.

నమ్మకపోతే ఇంట్లోనే చేసి చూడండి. చక్రాల కుర్చీలో, అదే ఆఫీసుల్లో ఉంటుందే, అందులో కూర్చుని రెండు కాళ్ళూ పైకెత్తి, బిగుసుకుపోయిన బీరువా తలుపు లాగండి. మా హౌస్ సర్జన్ ఇదే పని ఖాళీ థియేటర్‌లో చక్రాల స్టూల్ మీద చేశాడు. నేను రిట్రాక్టర్ అటు చివర పట్టుకున్నాను, వాడు లాగాడు, స్టూలుతో సహా నా మీదికొచ్చాడు. ఈసారి తోశాడు, వెనక్కి జారిపోయి ట్రాలీని గుద్దాడు. సిస్టర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అందుకే మీ పాదాలు ఒక కడ్డీ కిందో, పట్టీలోనో దూరి ఉండాలి, నడుము దగ్గర ఇంకో పట్టీ ఉండాలి. అసిస్టెంటుకీ అంతే. బరువు లేనప్పుడు ఒళ్ళు వదులుగా వదిలేస్తే మోకాళ్ళు కొంచెం వంగి, చేతులు ఛాతీ ముందు తేలుతూ ఉంటాయి. కాబట్టి పేషెంటు బోర్డు ఇక్కడిలా నడుము దగ్గర కాకుండా ఛాతీ ఎత్తులో బిగించండి, లేకపోతే చేతుల్ని కిందికి నొక్కి పట్టుకోవడానికే ఓపికంతా పోతుంది. మోచేతులకి ఆనుకోడానికి ఏదైనా ఉంటే వణుకు తగ్గుతుంది.

గుండె ఆగితే ఏం చేయాలో కూడా ఈ దశలోనే చూసుకోండి. ఛాతీ మీద నొక్కితే మీరే ఎగిరిపోతారు కాబట్టి తలకిందులుగా, పాదాలు ఎదుటి గోడకి తన్ని, చేతులు తిన్నగా ఛాతీ మీద పెట్టి కాళ్ళ బలంతో నొక్కాలి. ఎదుటి గోడ మీ పొడవుకి అందేలా పేషెంటుని ఎక్కడ బిగించాలో ముందే కొలుచుకోండి.

పనిముట్లు ఎగరకుండా

2006 విమానంలో అయస్కాంతాలు వాడారు, మీరూ అదే చేయండి. వంటింట్లో చూడండి, స్టీలు గిన్నెకి అయస్కాంతం సాధారణంగా అంటుకోదు, కత్తికి అంటుకుంటుంది. సర్జరీ కత్తెరలు, ఫోర్సెప్స్ కూడా ఎక్కువగా కత్తి జాతివే. టైటానియం అయితే అంటుకోదు, కాబట్టి ఒక్కోటీ పెట్టి చూసి మరీ సర్దుకోండి. గాజ్, మాపులు, దారాలు వాడే వరుసలో జేబులున్న గుడ్డలో పెట్టండి, ఒక్కో జేబుకీ వెల్క్రో మూత. ఒకసారికి ఒక జేబే తెరవాలి. పనిముట్లు వేసుకునే కిడ్నీ ట్రే ఇంట్లోనే వదిలేసి రండి, అందులో పెట్టిన వస్తువు ఏదీ అందులో ఉండదు.

చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోండి. 2013లో అంతరిక్ష కేంద్రంలో క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్ అనే వ్యోమగామి తడిగుడ్డ పిండి చూపించాడు, నీళ్ళు కింద పడకుండా గుడ్డ చుట్టూ, చేతుల చుట్టూ జెల్లీలా పట్టుకుని ఉండిపోయాయి. కాబట్టి మందు తడిపిన వైప్స్‌తో తుడుచుకుని గ్లౌజులు వేసుకోవడమే.

మత్తు

ఇది నా శాఖ, కాస్త ఎక్కువే చెప్తాను.

గ్యాస్ మత్తు వద్దు. మూసిన గదిలో లీకైన గ్యాస్ పేషెంటుతో పాటు సర్జన్‌కీ ఎక్కుతుంది. ఆక్సిజన్ ధారాళంగా పెట్టినా చిక్కే, పేషెంటు వదిలిన ఆక్సిజన్ గదిలో పేరుకుంటుంది, పక్కనే మీరు రక్తం ఆపడానికి కరెంటు కాటరీతో కాలుస్తుంటారు, మిగతాది చెప్పక్కర్లేదు.

వెన్నులో ఇచ్చే మత్తు మన సిజేరియన్లలో రోజూ వాడేదే కదా అంటారా. ఆ మందులో గ్లూకోజ్ కలిపి బరువెక్కిస్తారు, అందుకే దాన్ని హెవీ అంటాం. వెన్ను నీటిలో అది కిందికి దిగుతుంది, మేం బల్లని ఇటూ అటూ వంచి ఎక్కడిదాకా పాకాలో చూసుకుంటాం. పైన హెవీ అన్న మాటకే అర్థం లేదు, మందు ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు.

చిన్న గడ్డయితే ఆ చోటు వరకే మొద్దుబార్చే లోకల్ చాలు, విమానంలో చేసింది అలాగే. చెయ్యో కాలో అయితే అల్ట్రాసౌండ్‌తో నరం చూసి దాన్ని మొద్దుబార్చే బ్లాక్ ఇవ్వండి. కడుపు కోయక తప్పకపోతే నా ఓటు సిరలోకి ఇచ్చే మత్తు మందు కెటమిన్‌కే. ఊపిరిని పెద్దగా అణచదు, బీపీని నిలబెడుతుంది, యుద్ధాల్లో డేరాల కింద కూడా వాడిన మందు. లాలాజలం ఊరిపిస్తుంది, అది పక్కకి కారిపోదు కాబట్టి ముందు లాలాజలం తగ్గించే గ్లైకో ఇవ్వండి. కడుపు ఖాళీగా ఉందని మాత్రం నమ్మకండి. పైన కడుపులో గాలి పైకీ నీరు కిందికీ విడిపోవు, తేనుపు వస్తే దాంతోపాటు తిన్నది కూడా వస్తుంది. సక్షన్ గొట్టం నోటి పక్కనే ఉండాలి.

మందు ఎక్కించడం ఇంకో కథ. మందుండే గాజు బుడ్డి, అదే ఆంప్యూల్ విరగ్గొట్టే ముందు మనం వేలితో టక్కుటక్కుమని కొట్టి మందుని అడుక్కి దింపుతాం. అక్కడ కొట్టినా మందు ఎక్కడుండాలనుకుంటే అక్కడే ఉంటుంది, పైగా గాజు ముక్కలు గాల్లో తేలతాయి. ముందే నింపిన సిరంజిలు పట్టుకెళ్ళండి. సిరంజిలో బుడగ ఉంటే తట్టడం దండగ. చిన్నప్పుడు విజయవాడలో దుర్గా ఘాట్ మెట్ల మీద చెంబులో నీళ్ళు పోసుకుని గిరగిరా తిప్పేవాళ్ళం, చుక్క ఒలికేది కాదు. అదే విద్య ఇక్కడ పనికొస్తుంది. సిరంజికి మూత బిగించి, మూతి మీ భుజం వైపు, పిస్టన్ బయటివైపు ఉండేలా పట్టుకుని చెయ్యి చాచి గిర్రున తిప్పండి. మందు బయటివైపుకి పోతుంది, బుడగ మూతి దగ్గరికి వస్తుంది, తోసేయండి.

సెలైన్‌కీ ఇంతే. గట్టి ప్లాస్టిక్ బాటిల్ వద్దు, దానికి గాలి లోపలికి పోవడానికి పైన సూది గుచ్చుతాం కదా, అంతరిక్షంలో ఆ గాలి బుడగలై నేరుగా గొట్టంలోకి వస్తుంది. మెత్తటి సంచి తీసుకోండి. తిప్పి, గాలిని మూతి దగ్గరికి చేర్చి, పిండి బయటికి పంపేశాకే ట్యూబు తగిలించండి. ఎంత ఎత్తులో కట్టినా ఒక్క చుక్క దిగదు, సంచి చుట్టూ ప్రెజర్ బ్యాగ్ కట్టి గాలి కొట్టండి, లేదా పంపు పెట్టండి. సెలైన్ లీటరుకి కిలో పైన బరువు, లీటర్లకొద్దీ మోసుకెళ్ళలేరు. 2010లో అంతరిక్ష కేంద్రంలోనే తాగే నీటిని శుద్ధి చేసి ఉప్పు కలిపి సెలైన్ తయారుచేసి చూశారు, సుదూర యాత్రకి ఆ పెట్టె కూడా మీతో ఉండాలి.

కోత

కోయగానే రక్తం కారదు. ఊరి, గాయం మీదే చిన్న గోపురంలా నిలబడుతుంది, పనిముట్లకీ వేళ్ళకీ పట్టుకుంటుంది. భయపడి గబుక్కున తుడవకండి, తుడిస్తే ఆ గోపురం చిట్లి ముక్కలై గదంతా తేలుతుంది. గాజ్ అంచుని నెమ్మదిగా ఆనించండి, అదే పీల్చుకుంటుంది. ధమని తెగితే మాత్రం చిమ్మిన ధార చిన్న చిన్న గోళీలై మీ కళ్ళద్దాల మీదికీ, లైటు మీదికీ, ఫ్యాను జాలీలోకీ పోతుంది. అందుకే ఇక్కడ కోసిన తర్వాత కట్టే రక్తనాళాన్ని అక్కడ కట్టాకే కోయాలి.

సక్షన్ ఉంది కదా అనుకోకండి. ఆ జాడీలో గాలినీ రక్తాన్నీ విడదీసేది భూమే. పైన మొత్తం నురగై మోటారులోకి వెళ్తుంది. గాలి మాత్రమే దాటే పొరగానీ, తిరుగుతూ విడదీసే యంత్రంగానీ మధ్యలో ఉండాలి.

ఇంతకంటే మంచి దారి, గాయాన్ని మూసిపెట్టి పనిచేయడం. 2021 జులై 11న మన గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల అంతరిక్షం అంచుదాకా వెళ్ళినప్పుడు మొక్కల మీద ప్రయోగం చేసింది, రసాయనం వదిలేది మూసిన గొట్టంలోనే, ఒక్క చుక్క కూడా బయటికి రాకుండా. సూత్రం అదే. కార్నెగీ మెలన్, లూయిస్‌విల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు గాయం మీద పారదర్శకమైన డబ్బా బిగించి, అందులో సెలైన్ నింపి, పక్కనున్న రంధ్రాల్లోంచి పనిముట్లు దూర్చే ఏర్పాటు చేసి 2012లో విమానంలో పరీక్షించారు. లోపలి నీటి ఒత్తిడే రక్తాన్ని అదిమిపెడుతుంది, చెయ్యి పెట్టి నొక్కినట్టు.

కడుపు ఆపరేషన్లలో ఆ డబ్బా మీకు దేవుడిచ్చిందే ఉంది, అదే కడుపు గోడ. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు దూర్చి చేసే లాప్రోస్కోపీ చేయండి. కడుపు తెరిస్తే పేగులు తేలి బయటికి వచ్చేస్తాయి, లోపలికి నెట్టడానికే ఒక మనిషి కావాలి. అయితే లాప్రోస్కోపీలో మన సర్జన్లకి ఒక అలవాటుంది, "మేడమ్, కాస్త హెడ్ డౌన్" అంటారు, బల్ల వంచగానే పేగులు జారి దారి ఇస్తాయి. అక్కడ ఎంత వంచినా దారి రాదు, పేగుల్ని పట్టి ఉంచడానికి ఇంకో రంధ్రం, ఇంకో పనిముట్టు అదనంగా లెక్క వేసుకోండి. కాటరీ పొగ కూడా పైకి పోదు, అక్కడే మేఘంలా ఉంటుంది, పీల్చే గొట్టం పక్కనే పెట్టండి.

కింద నుంచి సాయం

2024 ఫిబ్రవరిలో అమెరికాలో నెబ్రాస్కాలో కూర్చున్న సర్జన్లు అంతరిక్ష కేంద్రంలోని స్పేస్‌మీరా అనే కిలో కూడా లేని రోబోతో రబ్బరు బ్యాండ్లు కోయించారు. చెయ్యి కదపడానికీ అక్కడ కదలడానికీ మధ్య అర సెకను నుంచి ముప్పావు సెకను. వినడానికి తక్కువే, కానీ రక్తం చిమ్ముతుంటే అర సెకను ఎంతో నన్నడగండి. అంగారకుడి దగ్గరైతే మాట ఒకవైపు చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. "రక్తం ఆగట్లేదు" అని మీరంటే "ఎక్కడి నుంచి?" అన్న ప్రశ్న మీకు చేరేసరికి కేసు ఏదో ఒక వైపు తేలిపోయి ఉంటుంది. కాబట్టి మీరు అడగబోయే ప్రశ్నలన్నీ బయల్దేరకముందే అడిగి, జవాబులు రికార్డు చేసి తీసుకెళ్ళండి.

కుట్లు వేశాక

యూరిన్ బ్యాగుకీ, గాయంలో ఊరేది బయటికి తీసే డ్రెయిన్ గొట్టానికీ కింద అన్నది లేదు, రెండిటికీ మెల్లగా లాగే పీల్పు పెట్టండి. నొక్కి వదిలితే తనంతట తను పీల్చే డ్రెయిన్లు మన దగ్గరా ఉన్నాయి, అవే తీసుకెళ్ళండి. తడిసిన మాపుల్ని ఒక్కోటిగా జిప్ కవర్లలో వేసి గాలి తీసి మూయండి.

ఆ తర్వాత లెక్క. ఇక్కడ మా సిస్టర్ సూదులు, మాపులు రెండుసార్లు లెక్కపెట్టి "కరెక్ట్ సార్" అనేదాకా చర్మం మూయరు, ఒకటి తగ్గితే అందరం వంగి బల్ల కింద వెతుకుతాం. పైన వంగి ప్రయోజనం లేదు. ముందు పేషెంటు లోపల చూడండి, తర్వాత ఒకరి ఒంటి మీద ఇంకొకరు చూడండి, జుట్టులో కూడా. అప్పటికీ దొరక్కపోతే ఎవరూ కదలకుండా, ఫ్యాన్లు ఆపకుండా కాసేపు ఆగండి. స్టేషన్‌లో పోయిన వస్తువులు గాలి ప్రవాహంలో కొట్టుకుపోయి గాలి పీల్చుకునే జాలీకి అతుక్కుంటాయి. ఒకరు టార్చి పట్టుకుని అక్కడికి వెళ్ళండి, గ్లౌజులు విప్పకుండా.